శోకం ఉన్న ఇంట్లో నవ్వు తప్పు కాదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

ఆప్తులను పోగొట్టుకున్నవారిని పలకరించడానికి వెళ్లినప్పుడు మనం చెప్పే మాటలు నాలుగైదుకు మించవు. గుండె రాయి చేసుకోమంటాం, పిల్లల ముఖం చూసి ధైర్యం తెచ్చుకోమంటాం, పోయినవాళ్లతో మనమూ పోలేం కదా అంటాం, అన్నిటికీ కాలమే మందు అంటాం. ప్రేమతో అనే మాటలే ఇవి, కాదనను. అయితే వింటున్న మనిషికి మాత్రం వాటన్నిటిలోనూ ఒకటే వినిపిస్తుంది: ఇక చాలు, త్వరగా మామూలు మనిషివి కమ్మని. దుఃఖం అలా చెబితే వినేది కాదు. దానికి చెప్పుకునే నోరు కావాలి, నలుగురితో కలిసి కూర్చునే చోటు కావాలి, మధ్యమధ్య ఊపిరి తీసుకోవడానికి కాస్త నవ్వు కూడా కావాలి. ఇవన్నీ మన పల్లెల్లో ఎవరూ ప్రత్యేకంగా నేర్పకుండానే ఉండేవి. మర్యాద పేరుతో, తీరిక లేదన్న పేరుతో వాటిని ఒక్కొక్కటిగా వదిలేసుకుంటున్నామన్న బాధతోనూ, ఇళ్లలోనే కాక బడుల్లో, ఆసుపత్రుల్లో, విపత్తు శిబిరాల్లో కూడా వాటికి చోటు కల్పించవచ్చునన్న నమ్మకంతోనూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

కృష్ణా జిల్లా పల్లెలో పుట్టి పెరిగిన నాకు, చావింట ఆడవాళ్లు రాగం తీసి ఏడవడం చిన్నప్పటినుంచీ తెలుసు. పోయిన మనిషి తల దగ్గర కూర్చున్న ఆవిడ మొదలుపెట్టేది. తాను ఏ వయసులో కాపురానికి వచ్చిందో, పంట పోయిన ఏడు ఉన్న గింజలు ఎలా పంచుకు తిన్నారో, సంతకు వెళ్లిన మనిషి చీకటిపడ్డాక చేత ఏం పట్టుకుని వచ్చేవాడో వరుసగా చెబుతూ, ప్రతి చరణం చివరా ‘నా నాయనో’ అనో ‘నా తండ్రీ’ అనో పిలిచేది. ఆమె గొంతు పోగానే పక్కనున్న తోడికోడలో చెల్లెలో అందుకునేది. బతికుండగా మొహాన అనలేకపోయిన నిష్ఠూరాలు కూడా ఆ రాగంలోనే బయటికొచ్చేవి. తాగుడు మానమంటే మానలేదనీ, పెద్దదాని పెళ్లి చూడకుండానే వెళ్లిపోయావనీ నిలదీసేవారు. అప్పటికప్పుడు అల్లుకునే ఆ పాటను ఎవరూ కాగితం మీద పెట్టలేదు, పాడినవాళ్లకు కవయిత్రులన్న పేరూ రాలేదు. అయినా నా దృష్టిలో అది గొప్ప కళే. పైగా ఆ సమయానికి, ఆ మనిషికి, ఆ ఇంటికి అంతకంటే పనికొచ్చే కళ మరొకటి లేదు.

ఈ రోజుల్లో పట్టణాల్లో చావింటికి వెళితే, అద్దెకు తెచ్చిన ఫ్రీజర్ బాక్సు, స్పీకరులో గీతా శ్లోకాలు, చుట్టూ ప్లాస్టిక్ కుర్చీల్లో ఫోన్లు చూసుకుంటూ కూర్చున్న బంధువులు కనిపిస్తారు. కూతురు కాస్త గొంతెత్తి ఏడవబోతే, బీపీ పెరుగుతుందనో, పక్క ఫ్లాటువాళ్లు ఏమనుకుంటారనో సముదాయించి లోపలి గదిలోకి తీసుకువెళతారు. మూడో రోజుకల్లా సెలవు అయిపోయిందని కొడుకు ల్యాప్‌టాప్ తెరుస్తాడు. అతన్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు, కంపెనీ ఇచ్చిన సెలవే అంత. కానీ ఆ ఇంట్లో చెప్పుకోవలసిన మాట ఒక్కటీ చెప్పుకోకుండానే అందరూ విడిపోయారన్నది మాత్రం నిజం.

పదో రోజు సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నదంతా అందులో ఉంది. మా మామగారి దశాహం పులిగడ్డ దగ్గర కృష్ణ ఒడ్డున జరిగింది. పిండాలతో పాటు ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, అందరం దూరంగా జరిగి, రావిచెట్టు మీద వాలిన కాకుల వైపు చూస్తూ నిలబడ్డాం. కాకి ముడితే గానీ ఇంటికి కదలకూడదు. ఒక కాకి కొమ్మ దిగి, మెడ వంచి చూసి, మళ్లీ పైకి వెళ్లిపోయింది. పోయినాయన మనసులో ఏ కోరిక మిగిలిపోయిందోనని పెద్దవాళ్లు ఒక్కొక్కరూ మొక్కుకోవడం మొదలుపెట్టారు. చిన్నమనవరాలి పెళ్లి తాను చేయిస్తానని ఒకరు, పొలం తగాదా తెంచేస్తానని ఇంకొకరు మాట ఇచ్చారు. అయినా కాకి రాలేదు. అప్పుడు మా పెద్దాడపడుచు, “కాఫీ చల్లారిపోయింది వదినా, పొగలు కక్కుతుంటే గానీ నాన్న ముట్టుకునేవాడా ఏనాడైనా?” అంది. ఆ మాటకు అప్పటిదాకా కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డ మా అత్తగారు ఫక్కున నవ్వేశారు. ఆయన పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వుతోనే కళ్లనీళ్లూ వచ్చాయి; ఆ తర్వాత కాఫీ గురించి, ఆయన కోపాల గురించి, తిప్పి పంపిన గ్లాసుల గురించి తలా ఒక మాట చెప్పుకున్నాం. కుర్రాడొకడు టీ కొట్టుకు పరుగెత్తి వేడి కాఫీ తెచ్చి పెట్టాడు. కాకి వచ్చి గారె ఎత్తుకుపోయింది.

కాకిలో మా మామగారు ఉన్నారా లేదా అన్నది ఎవరి నమ్మకం వారిది. నేను చూసినది ఇది: కర్మకాండ పేరుతో కుటుంబమంతా ఒక పూట నది ఒడ్డున, చెట్టు కింద, ఏ పనీ లేకుండా ఒక పక్షి కోసం ఎదురుచూస్తూ నిలబడింది. పోయిన మనిషి ఇష్టాయిష్టాలన్నీ పేరుపేరునా తలచుకుంది. వాటిలో నవ్వొచ్చేవి వచ్చినప్పుడు నవ్వింది.

పాత ఆచారాలన్నీ మంచివని నేను అనడం లేదు. అదే పదో రోజున, అదే రేవులో, భర్త పోయిన మనిషికి గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపే తంతు ఇంకా చాలాచోట్ల సాగుతోంది. దుఃఖంలో ఉన్న మనిషిని నలుగురి ముందు నిలబెట్టి అవమానించే ఆ పనిని ఎంత త్వరగా మానితే అంత మంచిది. మా ఇంట్లో మానేశాం. అలాగే శవయాత్ర ముందు డప్పు కొట్టే కళాకారులను కులం పేరుతో గడప బయటే నిలబెట్టి, వాళ్ల వాయిద్యాన్ని మాత్రం మన దుఃఖానికి వాడుకోవడం తరతరాల అన్యాయం. కాకి కోసం ఎదురుచూడటాన్ని ఉంచుకుని, గాజులు పగలగొట్టడాన్ని వదిలేసే వివేకం మనకు ఉండాలి.

నవ్వు గురించి చాలామందికి సంకోచం ఉంటుంది. చావింట నవ్వితే పోయినవారి మీద ప్రేమ లేనట్టేనని అనుకుంటారు, నవ్వినవాళ్లే ఆ తర్వాత కుమిలిపోతారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు డాకర్ కెల్ట్నర్, జార్జ్ బొనానో 1997లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ విషయంలో ఊరటనిస్తుంది. భార్యనో భర్తనో పోగొట్టుకుని ఆరు నెలలైనవారిని, పోయినవారితో తమ జీవితం గురించి మాట్లాడమని కోరి, మాట్లాడుతున్నంతసేపూ వారి ముఖకవళికలను గమనించారు. ఆ మాటల మధ్యలో కళ్లతో సహా మనస్ఫూర్తిగా నవ్వగలిగినవారిలో కోపం, వేదన తక్కువగానూ, ఇతరులతో సంబంధాలు మెరుగ్గానూ కనిపించాయి. మర్యాద కోసం పెదవులు సాగదీసే నవ్వుకు ఆ ఫలితం లేదు. మా అత్తగారి నవ్వు ఏ రకానిదో వేరే చెప్పనక్కరలేదు.

ఇవన్నీ అందకుండా పోయినవారి స్థితి ఎలా ఉంటుందో కరోనా రెండో విడతలో మా ఇంట్లోనే చూశాను. 2021 మే నెలలో మా అన్నయ్య ఒక ఆసుపత్రిలో పోయాడు. ముఖం చూపించలేదు, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు, చివరికి అంకె వేసిన ఒక కుండలో బూడిద చేతికిచ్చారు. రాగం లేదు, రేవు లేదు, కాకి లేదు. మా వదిన చాలాకాలం ఆయన పేరు ఎత్తలేదు, ఎవరైనా ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. పెరట్లో ఆయన వేసిన దొండపాదు పందిరి మీదే ఎండిపోయింది. దాన్ని తీసేయనూ లేదు, నీళ్లు పోయనూ లేదు. ఒక సంక్రాంతికి అందరం కలిసినప్పుడు, అన్నయ్య హార్మోనియం ముందు కూర్చుని నాటకం పద్యాలు పాడుతూ, రాగం అందక మధ్యలో దగ్గు నటించే తీరును మనవడు చేసి చూపించాడు. వాడు తాతను చూసింది కొద్దికాలమే, కానీ ఆ దగ్గు మాత్రం అచ్చంగా పట్టేశాడు. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమై, వదిన నవ్వేసరికి అందరమూ నవ్వాం. ఆ రాత్రి ఆమె మొదటిసారిగా ఆసుపత్రి సంగతులన్నీ నాకు చెప్పి, తెల్లవారేదాకా ఏడ్చింది. తర్వాత కొన్నాళ్లకు పక్కింటి నుంచి దొండ తీగ ముక్క తెచ్చి అదే పందిరి కింద నాటింది. ఇప్పుడు కాయలు కోసి ఇరుగుపొరుగుకు పంచుతూ, తీసుకున్నవాళ్లకు కాయలతో పాటు అన్నయ్య కబురు కూడా ఒకటి చెప్పి పంపుతుంది. దుఃఖం పోయిందని ఆమె అనదు, నేనూ అనను. దానితో కలిసి ఉండటం ఆమెకు చేతనైంది. ఆ రెండేళ్లలో తమవాళ్లను సాగనంపలేకపోయిన ఇలాంటి కుటుంబాలు ఎన్ని ఊళ్లలో ఉన్నాయో ఆలోచించమని మనవి చేస్తున్నాను.

ఇక ఊళ్లకు ఊళ్లే పోయినప్పుడు ఏం జరుగుతుందన్నది మా దివిసీమకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో సుమారు 10 వేలమంది ప్రాణాలు పోయాయి. సముద్రాన్ని ఆనుకుని ఉన్న సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్లలో శవాలను సామూహికంగా దహనం చేయవలసి వచ్చింది. అప్పటికి నేను హైస్కూలు పిల్లను. సహాయ శిబిరాలకు బియ్యం వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి, దూరప్రాంతాల దాతలు పంపిన పాత బట్టల మూటలూ వచ్చాయి. మనసు సంగతి అడిగినవారు లేరు, ఆ రోజుల్లో అడగాలని తెలియదు కూడా. కొన్ని నెలలకు ఒక బుర్రకథ దళం వచ్చి ఉప్పెన కథనే కట్టి చెప్పింది. బుర్రకథలో కథకుడికి రెండు పక్కలా వంతలు ఉంటారు, ఒకరు రాజకీయం చెబితే ఇంకొకరు హాస్యం చెబుతారు. చచ్చిపోయినవారి పేర్లు కథకుడు చదువుతుంటే ఆ జనంలోంచి లేచిన ఏడుపు నేను మరచిపోలేను. అంతలో హాస్యపు వంత, తలదాచుకోవడానికి గుడిసె లేనివాడికి దాతలు పంపిన ఉన్ని కోటు తొడిగి, దానితో వల లాగించినట్టు అభినయించాడు. చాలామంది మగవాళ్లకు అచ్చంగా అలాంటి కోట్లే వచ్చాయి. శిబిరం మొత్తం నవ్వింది. ఆ కళాకారుడు పోయినవారి మీద ఒక్క మాట అనలేదు, బాధపడుతున్నవారినీ ఎగతాళి చేయలేదు. వారికి జరుగుతున్న అసందర్భాన్ని మాత్రమే పట్టుకున్నాడు. హాస్యం ఎక్కడ మందవుతుందో, ఎక్కడ గాయం మీద కారమవుతుందో ఆ తేడా అతనికి పుట్టుకతో తెలుసు. వీరుల మరణాలు చెప్పే కథ పక్కనే హాస్యగాణ్ణి నిలబెట్టిన ఈ ప్రక్రియ, మనుషులు ఎంత దుఃఖాన్ని ఒక్కసారిగా మోయగలరో తెలిసినవాళ్లు రూపొందించినదని నేను నమ్ముతాను. ఇప్పుడా దళాలు పథకాల ప్రచారానికి తప్ప పిలుపు లేక ఉన్నాయి.

ఉప్పెన తర్వాత తీరం వెంట సరుగుడు తోపులు పెంచారు, మడ అడవులను కాపాడుకోవాలన్న స్పృహ పెరిగింది. అలల వేగాన్ని తగ్గించడానికి చేసిన పని అది. కానీ సముద్రాన్ని చూస్తేనే వణికిపోయిన మనుషులు ఆ మొక్కలకు నీళ్లు మోస్తూ మళ్లీ ఆ ఒడ్డుకు అలవాటుపడటం నేను చూశాను. చెట్టు మనిషికి ఏం చేస్తుందన్నదాని మీద పరిశోధనలూ ఉన్నాయి. అమెరికా పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, పిత్తాశయ శస్త్రచికిత్స తర్వాత కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్న రోగులు, ఇటుక గోడ కనిపించే గదుల్లో ఉన్నవారి కంటే త్వరగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులూ తక్కువ వాడారు. అది శరీరానికి తగిలిన గాయం గురించి, నిజమే. కానీ మన ఆసుపత్రుల్లో ప్రాణం పోయిందన్న కబురు విన్న మనిషి ఏడవడానికి బైకుల స్టాండు పక్కన గోడ తప్ప మరో చోటు లేదన్న సంగతి తలచుకుంటే, ఒక వేపచెట్టు, దాని చుట్టూ ఒక అరుగు కోరడం అత్యాశ కాదు.

పిల్లల విషయంలో మన మౌనం మరీ ఎక్కువ. నేను పనిచేసిన ఒక బడిలో, ఒక విద్యార్థి ప్రమాదంలో పోయినప్పుడు, మిగతా పిల్లల చదువు పాడవుతుందని ఆ పేరు తరగతిలో ఎత్తవద్దని యాజమాన్యం ఆదేశించింది. ఖాళీ బెంచీ అక్కడే ఉంది, పేరు మాత్రం ఉండకూడదు. డ్రాయింగు పీరియడులో వాడి గురించి ఏదైనా గీయమని అడిగితే, ఒకడు గొలుసు ఊడిపోయే సైకిలు గీశాడు, ఒకమ్మాయి వాడు దొంగిలించిన ఉసిరికాయలు గీసింది. తరగతి నవ్వింది, ఏడ్చింది, ఆ తర్వాతే పాఠం వినగలిగింది. నాజీల తెరెజీన్ నిర్బంధ శిబిరంలో ఫ్రీడ్ల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి 1942 నుంచి 1944 దాకా ఖైదీలైన పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పింది. ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపారు, ఆ పిల్లల్లో అత్యధికులనూ చంపారు. ఆమె రెండు పెట్టెల్లో దాచి వెళ్లిన బొమ్మలు 4,500 దాకా దొరికాయి. అంతటి చీకట్లోనూ పిల్లల చేతికి రంగులు ఇవ్వడం అవసరమని ఆమెకు తోచింది. మన బడుల్లో డ్రాయింగు పీరియడును గణితానికి ఇచ్చేస్తున్నాం.

రాయడం గురించి కూడా ఒక మాట. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో, కళాశాల విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున, తమను కలచివేసిన సంఘటన గురించి రాశారు. రాసిన వెంటనే వారి దిగులు పెరిగింది. తర్వాతి నెలల్లో మాత్రం వారు వైద్యుల దగ్గరికి వెళ్లవలసి రావడం తగ్గింది. కాబట్టి రాసేటప్పుడు ఏడుపు వస్తే భయపడి మానేయకూడదు.

కళతో, చెట్టుతో, నవ్వుతో అన్నీ నయమవుతాయని ఎవరైనా అంటే నమ్మకండి. నెలలు గడిచినా నిద్ర, తిండి, పని ఏదీ కుదుటపడకపోతే, పోయినవారి తలపు తప్ప మరేదీ మిగలకపోతే, అది వైద్య సహాయం అవసరమైన స్థితి. ఆరు నెలలు దాటినా తగ్గని తీవ్ర శోకాన్ని 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ప్రత్యేకంగా గుర్తించింది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నవారు ఒక్క పూట కూడా ఆగకుండా ఆ నంబరుకు ఫోన్ చేయాలనీ, ఇంట్లోవాళ్లు వారిని ఒంటరిగా వదలకూడదనీ వేడుకుంటున్నాను.

ప్రభుత్వానికి నా విన్నపాలు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. తుపాను శిబిరాలకు వైద్య బృందంతో పాటు ఆ ప్రాంతపు జానపద కళాకారులను, గౌరవ వేతనం ఇచ్చి, కొన్ని వారాలు గడిచాక పంపాలి. మొదటి రోజుల్లో కాదు, అప్పుడు తిండీ నీడే ముఖ్యం. కరోనాలో తమవాళ్లను సాగనంపలేకపోయిన కుటుంబాలకు ప్రతి మండలంలో కొంత స్థలం చూపించి, తలా ఒక మొక్క వారి చేతులతోనే నాటించాలి, అక్కడ నాయకుల పేర్లతో శిలాఫలకాలు వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కార్యాలయం 2019లో 3,000కు పైగా అధ్యయనాలను సమీక్షించి, ఆరోగ్యాన్ని కాపాడటంలో కళలకు పాత్ర ఉందని చెప్పింది కనుక, ఇది ఒక ముసలి పంతులమ్మ చాదస్తం అని కొట్టిపారేయరని ఆశిస్తాను.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం ఉంది. ప్రముఖులు పోతే సంస్మరణ వ్యాసాలు వేస్తారు, సామాన్యులకు డబ్బు కట్టిన వర్ధంతి ప్రకటన ఒక్కటే గతి. వారానికి ఒక పావు పేజీ కేటాయించి, పాఠకులు తమవాళ్ల గురించి రాసే చిన్న చిన్న జ్ఞాపకాలను ప్రచురించండి. పొగడ్తలు, బిరుదులు అక్కరలేదని ముందే చెప్పండి. కాఫీ ఎంత వేడిగా తాగేవారో, ఏ పద్యం దగ్గర దగ్గేవారో, ఏ చెట్టు నాటారో రాయమనండి. రాయడం రానివారు చెబితే రాసిపెట్టడానికి ప్రతి ఊళ్లోనూ నాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులు ఉన్నారు. మీరు సరేనంటే మా వదినతో మొదటిది రాయించి వచ్చే వారమే పంపుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
అవనిగడ్డ, కృష్ణా జిల్లా.